ఆన్‌లైన్ మీటింగుల్లో మన గొంతు అవతలికి వినపడాలంటే

(మండల కార్యకర్తల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



పొద్దుటి నుంచి మద్దతు ధర గురించి, కౌలు చట్టం గురించి పెద్దలు చాలా సంగతులు చెప్పారు. మమ్మల్ని మాత్రం ఇదిగో, ఈ బల్ల మీద ఉన్న డబ్బా గురించి మాట్లాడమన్నారు. వెనక కూర్చున్న వాళ్లకు కనపడుతుందో లేదో, అరిసెకు కాస్త పెద్దది, అంతే. దీన్ని స్పీకర్ ఫోన్ అంటారు. ఫోనుకు గానీ కంప్యూటరుకు గానీ తగిలించి, పదిమంది చుట్టూ కూర్చుని ఆన్‌లైన్ మీటింగులో మాట్లాడుకునే సాధనం. దీని గురించి రైతు సంఘం తరగతిలో అరగంట ప్రసంగం ఎందుకని కొందరు నవ్వుకుంటూ ఉండవచ్చు. మేమూ మొదట నవ్వుకున్నవాళ్లమే. ఎందుకు కొన్నామో చెబితే మీకే అర్థమవుతుంది.

2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. ఆ సంగతి ఇక్కడ ఎవరికీ గుర్తు చేయనక్కర్లేదు. కోసిన పనలు నీళ్లలో తేలాయి. కోయని చేలు చాపలా పడిపోయాయి. నాలుగు రోజులకు గింజ మొలకెత్తింది. తర్వాత నష్టం జాబితాలు రాశారు, రైతు భరోసా కేంద్రంలో అంటించారు. మా ఊరి జాబితాలో కౌలు రైతుల పేర్లు చాలా వరకు లేవు. 2019 నాటి పంట సాగుదారు హక్కుల చట్టం ప్రకారం కార్డు రావాలంటే భూమి యజమాని ఒప్పుకోవాలి, ఆయనేమో సంతకం పెట్టడు. కార్డు లేక ఈ-పంటలో పేరు ఎక్కలేదు, ఈ-పంటలో లేక జాబితాలోనూ లేదు. ఇది మీకందరికీ తెలిసిన గొలుసే.

అభ్యంతరాలు ఉంటే ఆన్‌లైన్ మీటింగులో చెప్పుకోమని ఒక కార్యాలయం వాళ్లు ముందురోజు రాత్రి వాట్సాప్‌లో లింకు పంపారు. ఏ కార్యాలయమో ఇక్కడ చెప్పం, ఇప్పుడు మన బాధ అది కాదు. నలభై మందిమి వరండాలో కూడాం. మా కార్యదర్శి ఫోను ఒక్కటే. దాన్ని స్టీలు గ్లాసుకు ఆనించి, లౌడ్ స్పీకర్ పెట్టి, చుట్టూ కూర్చున్నాం. కార్యదర్శి మాట్లాడాడు. వాళ్లు ఊఁ కొట్టారు. తర్వాత ఆడవాళ్లు కూర్చున్న వైపు నుంచి ఒక అక్క లేచింది. రెండున్నర ఎకరాలు కౌలుకు చేస్తుంది, భర్త లేడు. సర్వే నంబరు చెప్పింది, ఎకరాకు ఎన్ని బస్తాల కౌలు ఒప్పుకుందో చెప్పింది, యజమాని సంతకం కోసం ఎన్నిసార్లు తిరిగిందో చెప్పింది, నీళ్లలోంచి పనలు గట్టు మీదికి మోసి ఆరబెట్టినా కుళ్లిపోయిన సంగతి చెప్పింది. పది నిమిషాలు మాట్లాడింది. ఆమె అంత మాట్లాడటం మేము ఎప్పుడూ వినలేదు. కూర్చున్న వాళ్లలో కళ్లు తుడుచుకోని వాళ్లు తక్కువ.

నాలుగు రోజుల తర్వాత కాగితం వచ్చింది. అందులో మా ఊరి గురించి ఒకటే వాక్యం. సదరు గ్రామం నుంచి కౌలు రైతులెవరూ అభ్యంతరం తెలుపలేదు అని.

మేము గొడవకు వెళ్లాం. వాళ్లు చెప్పింది ఒకటే, “మీ కార్యదర్శి గారు మాట్లాడింది రాసుకున్నాం, ఆ తర్వాత ఏదో గుసగుసలాగా వచ్చింది, మీలో మీరు మాట్లాడుకుంటున్నారనుకున్నాం” అని. అబద్ధమాడుతున్నారని తిట్టుకుంటూ వచ్చేశాం. రాత్రి మా కమిటీ కుర్రాడొకడు, అసలు ఒకసారి చూద్దాం అన్నాడు. అదే ఫోను, అదే గ్లాసు, అదే వరండా. ఒకడు చెరువు కట్ట మీద కూర్చుని మీటింగులో కలిశాడు. అక్క నిలబడ్డ చోటే నిలబడి ఇంకొకడు మాట్లాడాడు. కట్ట మీద ఉన్నవాడికి ఒక్క ముక్క అర్థం కాలేదు. నిజంగానే గుసగుస.

వాళ్ల తప్పు లేదని అనటం లేదు. ఆ గుసగుస ఏమిటని ఒక్కసారి అడగలేదు, అది వాళ్ల తప్పు. కానీ మనకు వినపడింది కాబట్టి అవతలికీ వినపడి ఉంటుందని అనుకోవటం మా తప్పు. ఆ అక్క పేరు ఆ జాబితాలో ఎక్కలేదు. ఆ ఏడాది ఆమెకు ఏమీ రాలేదు. ఈ డబ్బా కొన్నా అది వెనక్కి రాదు.

ఇక డబ్బా సంగతి. ఇది చేసే పని సులువుగా చెబుతాం. ఫోనులో లౌడ్ స్పీకర్ పెట్టినప్పుడు అవతలివాడి గొంతు మన ఫోనులోంచి బయటికొచ్చి, మళ్లీ మన మైకులోకి దూరి, వాడికే తిరిగి వినపడుతుంది. లోయలో అరిచినట్టు. అది లేకుండా చేయడానికి చాలా ఫోన్లు ఒక చిట్కా చేస్తాయి, అవతలివాడు మాట్లాడుతున్నంతసేపూ మన మైకును తగ్గించేస్తాయి. దాని ఫలితం చూడండి. అధికారి గుక్కతిప్పుకోకుండా మాట్లాడుతుంటే మనం “ఆగండి సార్, అది నిజం కాదు” అంటాం. మన మాట వెళ్లదు. ఆయనకు మనం ఒప్పుకున్నట్టు ఉంటుంది. మీటింగులో అడ్డు చెప్పడం మన హక్కు అనుకుంటాం, ఫోను ఆ హక్కును మనకు తెలియకుండానే తీసేస్తుంది.

ఈ డబ్బాలో నోరూ చెవులూ కలిసి ఉన్నాయి. తాను ఏ శబ్దం బయటికి వదిలిందో దానికి తెలుసు. మైకులో పడిన దాంట్లోంచి ఆ శబ్దాన్ని తీసేసి, మిగిలింది అవతలికి పంపుతుంది. అందుకని ఇద్దరూ ఒకేసారి మాట్లాడినా రెండు వైపులా వినపడుతుంది. అన్ని రకాలూ ఒకేలా పనిచేయవు, చవకవి కొన్ని ఫోనులాగే గొంతు కోసేస్తాయి. కొనేముందు దుకాణంలోనే ఒకరు బయటికి వెళ్లి ఫోనులో కలిసి, ఇద్దరూ ఒకేసారి అంకెలు లెక్కపెట్టి చూడండి. మేము అలాగే చూసి కొన్నాం. దుకాణం అతను మమ్మల్ని వింతగా చూశాడు. చూడనివ్వండి.

కొనడానికి కమిటీలో తేలిగ్గా ఒప్పుకోలేదు. ఐదు వేలకు కాస్త అటూ ఇటూ అయింది. సభ్యత్వ రుసుములో మా ఊరి వాటా ఏడాది మొత్తం కలిపినా అంత ఉండదు. మా పెద్దాయన ఒకాయన, నీటి తీరువా పోరాటాల నాటి మనిషి, గట్టిగానే అన్నారు. “సంఘం అంటే మనుషులు రా, డబ్బాలు కాదు. మేము మైకు లేకుండా ఊళ్లు కదిలించాం” అన్నారు. మేము కాదనలేదు. అయితే పెద్దాయనా, 2020 జూన్ 5న మూడు ఆర్డినెన్సులు తెచ్చినప్పుడు బయట కరోనా ఉంది, నలుగురం ఒకచోట కూర్చోలేకపోయాం, ఆ వంటలు వండింది మనల్ని ఇళ్లలో ఉంచే కదా అన్నాం. అప్పుడు రాష్ట్ర కమిటీ మీటింగులన్నీ ఫోనులోనే. ఊరికొక్కరు వినేవారు, విన్నది పొద్దున టీ కొట్టు దగ్గర చెప్పేవారు. చెప్పేటప్పటికి సగం వాళ్ల సొంత మాట కలిసేది. ఆయన కాసేపు ఆలోచించి వంద రూపాయలు తీసి ఇచ్చారు. ఒప్పుకున్నారని కాదు, ఇచ్చారు.

కొన్నాక మొదటి మీటింగు అభాసుపాలైంది. అది కూడా చెప్పాలి. రేకుల షెడ్డులో పెట్టాం, వాన మొదలైంది. రేకుల మీద వాన చప్పుడు తప్ప అవతలి వాళ్లకు ఇంకేమీ లేదు. అది చాలదన్నట్టు మా కుర్రాడొకడు అదే గదిలో తన ఫోనులో కూడా లింకు తెరిచాడు. కీచుమని ఒక కూత లేచింది చూడండి, పక్కన కట్టేసిన మేకలు పలుపు తెంచుకున్నంత పనైంది. ఒక గదిలో ఒక్క ఫోనే మీటింగులో ఉండాలి. ఇంకెవరైనా తెరిస్తే వాళ్ల మైకూ స్పీకరూ రెండూ కట్టేయాలి. మైకు ఒక్కటి కట్టేసి స్పీకర్ వదిలేస్తే చాలదు.

అట్ట మీద ఇంతమందికి పనిచేస్తుందని రాసి ఉంటుంది. అది చప్పుడు లేని గదికి. మన అనుభవంలో ఆరేడు అడుగుల లోపు కూర్చున్న వాళ్ల మాట బాగా వెళుతుంది, అంతకు మించితే పలచబడుతుంది. అందుకని నలభై మంది ఉన్నప్పుడు మేము రెండు వరుసలు చేస్తాం. మాట్లాడేవాళ్లు లోపలి వరుసలోకి వచ్చి కూర్చుంటారు, మాట అయ్యాక లేచి ఇంకొకరికి చోటు ఇస్తారు. ఇక్కడొక మాట. లోపలి వరుసలో శాశ్వతంగా కూర్చునే వాళ్లు తయారవుతారు. మాకూ తయారయ్యారు. డబ్బాను రెండు చేతులా దగ్గరికి లాక్కుని మాట్లాడే వాళ్లూ ఉన్నారు. మైకు వదలని నాయకుడి జబ్బు మైకు చిన్నదైనంత మాత్రాన పోదు. మేము పెట్టుకున్న పద్ధతి, మొదట కౌలు రైతులు, ఆ తర్వాత మిగతావాళ్లు, చివర కార్యదర్శి. టైము అయిపోతే పోయేది కార్యదర్శి మాటే. ఉచిత జూమ్ మీటింగు 40 నిమిషాలకే తెగిపోతుంది కదా, ఆ తెగేటప్పుడు ఎవరి మాట మధ్యలో ఉందనేది చిన్న విషయం కాదు.

పెట్టే చోటు గురించి. స్టీలు బల్ల మీద పెడితే అదరుతుంది. కింద తువ్వాలు మడిచి వేయండి. ఫ్యాను కింద వద్దు, గోడ మూలలో వద్దు. వేప చెట్టు కింద హాయిగా ఉంటుంది గానీ గాలి తోలితే మైకులో బుసబుస తప్ప ఏమీ ఉండదు. కొత్తగా కట్టిన సిమెంటు గదిలో మాట మోగుతుంది, అటువంటి చోట కింద జంపఖానా పరిచి, గోడవారగా గోనె సంచులు నిలబెట్టాం. ధాన్యం సంచులే, నిండుగా ఉన్నవి ఇంకా మంచిది. బ్లూటూత్ కంటే వైరు నమ్మకం. మధ్యలో తెగదు. బ్లూటూత్ తప్పనిసరైతే ఫోను డబ్బా పక్కనే ఉంచండి, జేబులో పెట్టుకుని పొలం గట్టు దాకా వెళ్లకండి.

ఇంకొకటి. ఈ డబ్బాలూ, ఈ మీటింగు యాప్‌లూ మనిషి మాటను ఉంచి మిగతా చప్పుడు తీసేసేలా తయారయ్యాయి. చప్పట్లు దానికి చప్పుడే. మొదట్లో మేము మీటింగు చివర గట్టిగా నినాదాలిచ్చాం, చప్పట్లు కొట్టాం. అవతల జిల్లా నాయకులు “లైన్ కట్ అయిందా?” అని అడిగారు. నలుగురు ఒకేసారి మాట్లాడితే ఎవరి మాటా వెళ్లదు. మద్దతు చెప్పదలచుకుంటే ఒక్కొక్కరు పేరు చెప్పి “నేనూ ఒప్పుకుంటున్నా” అనాలి. టైము పడుతుంది. పట్టనివ్వాలి.

మేము నేర్చుకున్న వాటిలో అన్నిటికంటే ముఖ్యమైనది దీనిలో లేదు, మన నోట్లో ఉంది. మాట్లాడే ముందు పేరు, ఊరు, సర్వే నంబరు చెప్పాలి. అవతలి వాళ్లకు ముఖం కనపడదు, చాలాసార్లు కెమెరా కూడా ఉండదు. మాట అయ్యాక, “సార్, మేము చెప్పింది మీకు ఏం వినపడిందో ఒకసారి చెప్పండి” అని అడగాలి. మొదట్లో విసుక్కుంటారు. అడగాల్సిందే. ఆయన చెప్పింది మన పుస్తకంలో రాసుకోవాలి. ఆ సాయంత్రమే ఆ పేజీ ఫోటో తీసి, ఎవరు ఏం చెప్పారో, దానికి ఆయన ఏమన్నారో, అదే కార్యాలయానికి వాట్సాప్‌లో పంపాలి. మిచౌంగ్ అప్పుడు ఈ ఒక్క పని చేసి ఉంటే డబ్బా లేకపోయినా బయటపడేవాళ్లం. స్పీకర్ ఫోన్ కొనలేని ఊరు కూడా ఈ పని చేయవచ్చు.

2024 సెప్టెంబరు వరదకు ఇది చేతికొచ్చింది. ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు వదిలిన రోజులవి. లంకల్లో దారులు మునిగిపోయాయి, కరెంటు లేదు, నెట్ అసలే లేదు. మామూలు కాల్ మాత్రం అప్పుడప్పుడు తగిలేది. మామూలు ఫోనులోనే ఒకరి తర్వాత ఒకరిని కలిపి ఐదుగురి దాకా కాన్ఫరెన్స్ మాట్లాడుకోవచ్చు, దానికి నెట్ అక్కర్లేదు. మేము గట్టు ఇవతల కూర్చుని, డబ్బా మధ్యలో పెట్టుకుని, లంక ఊళ్ల వాళ్లను కలిపాం. ఛార్జింగ్ ముందురోజే పెట్టి ఉంది కాబట్టి సాయంత్రం దాకా ఆగింది. ఏ ఊళ్లో పశువులు గట్టెక్కాయి, ఎక్కడ పాల పిల్లలున్నారు, ఎవరికి మందులు కావాలి, అందరం కలిసి విన్నాం. పడవ దగ్గరున్న వాడూ విన్నాడు, అన్నం పొట్లాలు కట్టే ఆడవాళ్లూ విన్నారు. ఒకరు విని ఇంకొకరికి చెప్పే పని తప్పింది. పసుపు, అరటి, కంద ఏ ఊళ్లో ఎంత మునిగిందో అప్పుడే రాసుకున్నాం.

పంట బీమా ఉన్నవాళ్లు గుర్తుంచుకోండి. కోసి ఆరబెట్టిన పంట తడిస్తే, ఫసల్ బీమా నిబంధన ప్రకారం కోసిన 14 రోజుల లోపు జరిగిన నష్టానికే వర్తిస్తుంది, అదీ 72 గంటల్లో తెలియజేయాలి. 14447కు ఫోను చేసేటప్పుడు చదువు రాని రైతుకు పక్కన ఒకరు కూర్చుని, డబ్బాలో పెట్టి, డాకెట్ నంబరు ఇద్దరూ రాసుకోండి. కిసాన్ కాల్ సెంటర్ 1800-180-1551 కూడా అంతే. 2004 నుంచి ఉంది, పొద్దున ఆరు నుంచి రాత్రి పది దాకా తెలుగులో మాట్లాడతారు. తెగులు గురించి ఒకరు అడిగితే పదిమంది వింటారు, వాళ్లు చెప్పిన మందు పేరు తప్పు రాసుకుంటే పక్కవాడు సరిచేస్తాడు.

ఇప్పుడు చెప్పబోయేది చెప్పాలా వద్దా అని కమిటీలో చర్చించాం. ఆయన ఒప్పుకున్నాకే చెబుతున్నాం, పేరు లేకుండా. ఒక మీటింగుకు మా సభ్యుడొకాయన తన ఫోను ఇచ్చారు. డబ్బాకు కలిపి ఉంది. మీటింగు మధ్యలో ఆయనకు ఫోనొచ్చింది. ఎవరో పిల్లవాడు డబ్బా మీద మీట నొక్కాడు. అప్పు వసూలు చేసే వాళ్లు. ఎంత బాకీ, ఎన్ని వాయిదాలు తప్పాయి, ఇంటికి వచ్చి ఏం చేస్తామో, అంతా ముప్పై మంది ముందు స్పష్టంగా వినపడింది. ఆపడానికి మాకు అరనిమిషం పట్టింది. ఆయన తువ్వాలు భుజాన వేసుకుని లేచి వెళ్లిపోయారు. రెండు నెలలు మీటింగుకు రాలేదు. మేము వరసగా ఇంటికి వెళ్లాం, ఒంటరిగా వదల్లేదు. రైతు సంఘంలో ఉన్నవాళ్లకు ఎందుకు భయపడ్డామో వేరే చెప్పనక్కర్లేదు.

ఆ తర్వాత సంఘం పేరున ఒక పాత ఫోను, ఒక సిమ్ము వేరుగా పెట్టాం. డబ్బాకు అది తప్ప ఏదీ కలపం. మీటింగు అవగానే బ్లూటూత్ తీసేస్తాం. ఎవరితో మాట్లాడుతున్నా ముందే “అందరం వింటున్నామండీ” అని చెబుతాం, అవతలివాడు అధికారి అయినా, చుట్టం అయినా. ఆధార్ నంబరు, ఓటీపీ ఎవరూ పైకి చదవకూడదు. బ్యాంకు సంగతులు ఫోను చెవి దగ్గర పెట్టుకుని బయటికి వెళ్లి మాట్లాడుకోవాలి.

తెలంగాణలో 2024 మార్చి నుంచి రైతు వేదికల్లో వీడియో కాన్ఫరెన్సులు నడుస్తున్నాయి, రైతు నేస్తం అని. శాస్త్రవేత్తలతో నేరుగా అడగవచ్చు. మంచిదే. మన దగ్గరా ఇటువంటివి పెరుగుతాయి. పెరిగేకొద్దీ ఒక మాట వినపడుతుంది, ఆన్‌లైన్‌లో మాట్లాడాం కదా, ఇంక చేలోకి ఎందుకు అని. దానికి మాత్రం ఒప్పుకోకండి. కుళ్లిన పన వాసన ఏ డబ్బాలోంచీ వెళ్లదు. మునిగిన చేను చూడటానికి మనిషి రావాలి, గట్టు మీద నిలబడాలి, పంచనామా రాయాలి. మేము ప్రతి ఆన్‌లైన్ మీటింగులో మొదటి ప్రశ్నగా పొలానికి ఏ తేదీన వస్తున్నారనే అడుగుతాం. తేదీ చెప్పేదాకా రెండో ప్రశ్నకు వెళ్లం.

డబ్బా ఇప్పుడు కార్యదర్శి ఇంట్లో లేదు. మొదట చెప్పిన ఆ అక్క ఇంట్లో ఉంటుంది. ఛార్జింగ్ పెట్టడం, లింకు తెరవడం ఆమె కూతురు చూసుకుంటుంది, డిగ్రీ చదువుతోంది. పక్క ఊళ్ల కమిటీలకు కావాలన్నా ఇస్తాం. ఒకరోజు ముందు చెప్పండి, పుస్తకంలో సంతకం పెట్టి తీసుకెళ్లండి, వైరు మాత్రం మర్చిపోకుండా తిరిగి తెచ్చివ్వండి. ఇప్పటికే ఒకటి పోయింది.